ఉత్తరాంధ్ర బియ్యపు పిండివంటలు - పోషక విలువలు

బియ్యపు పిండితో గాని, బియ్యపు రవ్వతో గాని చేసే అరిసెలు, పోకుండలు, చలిమిడి, ఉండ్రాళ్ళు, కుడుములు, పాలతాలికలు, జంతికలు మొదలైనవి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో పండుగలకు, శుభకార్యాలకు చేసుకొనే ముఖ్యమైన పిండివంటలు. ఈ రెండు జిల్లాల భాగాలతో 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో కూడా ఇవే వంటకాలు కనిపిస్తాయి. వీటన్నిటికీ మూలపదార్థం ఒక్కటే అయినా, 100 గ్రాముల ఉండ్రాళ్ళలో సుమారు 140 కేలరీలు ఉండగా, అదే తూకం జంతికలలో 500 కేలరీలకు పైగా ఉంటాయి. ఈ తేడా ఎందువలన వస్తుంది, ఏ వంటకంలో ఏ పోషకాలు ఎంతవరకు లభిస్తాయి, ఎవరు జాగ్రత్త వహించాలి అనే విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

ఈ వ్యాసంలోని ముడి పదార్థాల విలువలు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1971లో ప్రచురించిన పోషక విలువల పట్టికలను అనుసరించి ఇవ్వబడినవి. అదే సంస్థ 2017లో వెలువరించిన కొత్త పట్టికలలో కొన్ని అంకెలు స్వల్పంగా మారాయి. ఉదాహరణకు మర ఆడించిన పచ్చి బియ్యానికి పాత పట్టికలో 345 కేలరీలు ఉండగా కొత్త పట్టికలో 356 ఉన్నాయి. వండిన పదార్థాల విలువలు మాత్రం అందులో వాడే దినుసులను కూడి కట్టిన లెక్కలు. ఇంటింటికీ పాళ్ళు మారుతాయి కనుక వీటిని సుమారు విలువలుగానే గ్రహించాలి.

కేలరీ అనగానేమి

ఆహారం శరీరానికి ఇచ్చే శక్తిని కొలిచే ప్రమాణం కేలరీ. ఆహార విషయంలో కేలరీ అని వ్యవహరించేది నిజానికి కిలోకేలరీ. ఒక కిలోగ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెంటీగ్రేడు పెంచడానికి కావలసిన ఉష్ణమే ఒక కిలోకేలరీ. ఒక గ్రాము పిండిపదార్థం నుండి 4, ఒక గ్రాము మాంసకృత్తుల నుండి 4, ఒక గ్రాము కొవ్వు నుండి 9 కేలరీలు లభిస్తాయి. నీటి నుండి, ఉప్పు నుండి ఏమీ రావు. ఈ చిన్న లెక్క తెలిస్తే పిండివంటల విషయం చాలావరకు అర్థమవుతుంది.

జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం కూర్చొని పనిచేసే పురుషునికి రోజుకు 2110, స్త్రీకి 1660 కేలరీలు అవసరం. ఒక మాదిరి శారీరక శ్రమ చేసేవారికి ఇవి వరుసగా 2710, 2130.

బియ్యం, బియ్యపు పిండి

మర ఆడించిన 100 గ్రాముల పచ్చి బియ్యంలో 345 కేలరీలు, 78 గ్రాముల పిండిపదార్థం, 6.8 గ్రాముల మాంసకృత్తులు, అర గ్రాము కొవ్వు, 10 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. పిండిగా విసిరినంత మాత్రాన ఈ విలువలు మారవు. మారేది జీర్ణమయ్యే వేగం. పిండి ఎంత మెత్తనిదైతే జీర్ణరసాలకు అంత సులభంగా లొంగుతుంది, రక్తంలో చక్కెర అంత త్వరగా పెరుగుతుంది. అందువలన ఒకే బియ్యంతో చేసినా రవ్వ వంటకం కంటె మెత్తని పిండి వంటకం త్వరగా అరుగుతుంది.

బియ్యంలోని మాంసకృత్తులు పరిమాణంలో తక్కువైనా, ఇతర ధాన్యాలతో పోలిస్తే నాణ్యత కలవి. వాటిలో లైసిన్ అనే అమైనో ఆమ్లం మాత్రం తక్కువ. శనగపప్పు, మినపపప్పు వంటి పప్పుధాన్యాలలో ఈ లైసిన్ సమృద్ధిగా ఉంటుంది. ఉండ్రాళ్ళలో శనగపప్పు వేయడం, బూరెల తోపులో బియ్యంతో మినపపప్పు కలపడం, దిబ్బరొట్టెకు మినపపిండిలో బియ్యపు రవ్వ కలపడం రుచి కోసం ఏర్పడిన పద్ధతులే అయినా, పోషక దృష్టితో కూడా సరైన జోడింపులు.

అరిసెలకు, చలిమిడికి బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, నీరు వడకట్టి, తడి ఆరకముందే దంచి లేదా మర పట్టించి జల్లిస్తారు. దీనినే తడిపిండి అంటారు. ఈ నానబెట్టిన నీటిని పారబోసినప్పుడు నీటిలో కరిగే బి విటమినులు కొంత పోతాయి. మర బియ్యంలో అసలే తక్కువగా ఉన్న ఈ విటమినులు ఈ విధంగా మరికొంత తగ్గుతాయి. ఇది చిన్న విషయంగా కనిపించినా, ఈ ప్రాంతపు చరిత్రలో దీనికి పెద్ద కథ ఉన్నది.

ఉత్తర సర్కారులు - బెరిబెరి

ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు బ్రిటిషు పాలనలో గంజాం, విశాఖపట్నం జిల్లాలలో భాగంగా ఉండేవి. (శ్రీకాకుళం జిల్లా 1950 ఆగష్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడినవి.) గంజాం నుండి దక్షిణంగా సాగే ఈ తీరప్రాంతాన్ని ఉత్తర సర్కారులు అనేవారు. 19వ శతాబ్దంలో వైద్యులకు ఈ ప్రాంతం ఒక వ్యాధి కారణంగా సుపరిచితం. అది బెరిబెరి. కాళ్ళు తిమ్మిరెక్కి బలహీనపడడం, ఒళ్ళు నీరు పట్టడం, చివరకు గుండె దెబ్బతిని మరణించడం దీని లక్షణాలు. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జాన్ గ్రాంట్ మాల్కంసన్ 1835లో ఈ వ్యాధి గురించి ఒక గ్రంథమే ప్రచురించాడు. కారణం మాత్రం ఆనాడు ఎవరికీ తెలియదు. గాలి, నేల, తేమ, ఇలా అన్నిటినీ అనుమానించారు.

1890 దశకంలో జావా ద్వీపంలో పనిచేసిన డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్, పాలిష్ చేసిన బియ్యం తిన్న కోళ్ళకు ఇటువంటి జబ్బే వస్తున్నదనీ, తవుడు పోని బియ్యం పెడితే నయమవుతున్నదనీ గమనించాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. తవుడులోని ఆ పదార్థమే థయమిన్ (విటమిన్ బి1). దీనిని 1926లో శుద్ధరూపంలో వేరుచేశారు. 1936లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన రసాయనశాస్త్రవేత్త రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్ 1886లో నెల్లూరులో పుట్టినవాడు. ఆయన తల్లిదండ్రులు అక్కడ పనిచేసిన అమెరికన్ మిషనరీలు.

మన దేశంలో ఈ వ్యాధిపై పరిశోధనకు 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో ఒక చిన్న బెరిబెరి పరిశోధన విభాగం మొదలైంది. అదే క్రమంగా పెరిగి 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. అంటే నేడు పోషకాహారం గురించి దేశమంతా ప్రమాణంగా స్వీకరించే సంస్థకు బీజం, ఉత్తర సర్కారుల ప్రజలను పీడించిన వ్యాధిపై పరిశోధనలోనే ఉన్నది.

అన్నం తినే తమిళులకు, మలయాళీలకు అంతగా రాని ఈ జబ్బు తెలుగు తీరంలోనే ఎందుకు వచ్చింది అనే ప్రశ్నకు సమాధానం బియ్యం తయారీలో దొరికింది. అక్కడివారు ఎక్కువగా ఉప్పుడు బియ్యం వాడేవారు. వడ్లను నానబెట్టి ఉడకబెట్టినప్పుడు పై పొరలలోని థయమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. తరువాత మర ఆడించినా పూర్తిగా పోదు. సర్కారులలో వాడినది పచ్చి వడ్లను మర ఆడించిన బియ్యం. ఇంట్లో రోకలితో దంచుకొన్నంత కాలం కొంత తవుడు గింజకు అంటుకొని ఉండేది. మరలు వచ్చి బియ్యం తెల్లబడిన కొద్దీ ఆ రక్షణ పోయింది. 100 గ్రాములలో థయమిన్ పరిమాణం పరిశీలిస్తే విషయం స్పష్టమవుతుంది:

మర ఆడించిన పచ్చి బియ్యం - 0.06 మి.గ్రా.
దంపుడు పచ్చి బియ్యం - 0.21 మి.గ్రా.
మర ఆడించిన ఉప్పుడు బియ్యం - 0.21 మి.గ్రా.
తవుడు - 2.70 మి.గ్రా.

పెద్దవారికి రోజుకు ఒక మిల్లీగ్రాముకు పైగా థయమిన్ కావాలి. కేవలం మర బియ్యమే 400 గ్రాములు తిన్నా కడగక ముందే వచ్చేది 0.24 మిల్లీగ్రాములు. పప్పులు, కూరలు, పాలు, చేపలు వంటి ఇతర ఆహారం పెరగడం వలన బెరిబెరి ఇప్పుడు అరుదైపోయింది. బియ్యం మాత్రం ఆనాటి కంటె ఇంకా తెల్లగా ఉన్నది. శ్రీకాకుళం దగ్గరి రాగోలు వ్యవసాయ పరిశోధనా స్థానం విడుదల చేసిన ఆర్.జి.ఎల్. 2537 (శ్రీకాకుళం సన్నాలు) వంటి మంచి రకమైనా, తవుడంతా పోయేటట్లు ఆడిస్తే విటమినుల విషయంలో మామూలు తెల్ల బియ్యమే అవుతుంది.

నీరు, నూనె

పిండివంటలోని కేలరీలను నిర్ణయించేవి ముఖ్యంగా నీరు, నూనె. ఆవిరిమీద గాని నీటిలో గాని ఉడికిన పిండి తన బరువుకు రెట్టింపుకు పైగా నీటిని పీల్చుకొంటుంది. అందువలన 100 గ్రాముల వంటకంలో బియ్యం 30 గ్రాములే ఉండవచ్చును. నూనెలో వేగిన పిండి ఇందుకు విరుద్ధంగా నీటిని కోల్పోయి, ఆ ఖాళీలో నూనెను నింపుకొంటుంది. నీటికి కేలరీలు లేవు, నూనెకు 100 గ్రాములకు 900. ముప్పాతిక భాగం బియ్యపు పిండి, పాతిక భాగం శనగపిండితో చేసిన జంతికలలో నీరు దాదాపు ఉండదు, నూనె నాలుగవ వంతు వరకు ఉంటుంది. 500 కేలరీలు దాటడానికి కారణం ఇదే. తేలికగా, బోలుగా ఉండడం వలన నాలుగు జంతికలు తిన్నా ఏమీ తిననట్లే అనిపించడం మరొక చిక్కు.

అరిసెలు, పోకుండలు

సంక్రాంతికి కొత్త బియ్యం, కొత్త బెల్లం ఇంటికి వచ్చే కాలంలో చేసే అరిసె ఈ వంటకాలన్నిటిలో పేరుపొందినది. సరిహద్దుకు అవతల ఒడిషాలో ఇదే వంటకాన్ని అరిసా పిఠా అంటారు. ఇచ్ఛాపురం పరిసరాలలో రెండు పేర్లూ వినిపిస్తాయి. అదే పాకపు పిండిని తట్టకుండా చిన్న ఉండలుగా చేసి వేయిస్తే పోకుండలు లేదా పాకుండలు.

కిలో బియ్యపు తడిపిండికి ముప్పాతిక కిలో బెల్లం, 100 గ్రాముల నువ్వులు, పిండి పీల్చుకొనే నూనె పావుకిలో అని లెక్క వేస్తే మొత్తం సుమారు 9,130 కేలరీలు. తుది బరువు 2.3 కిలోలు. అంటే 100 గ్రాములకు 400 కేలరీలు, 40 గ్రాముల ఒక అరిసెకు 160 కేలరీలు. ఇందులో మాంసకృత్తులు గ్రామున్నర మాత్రమే. పిండిపదార్థం, చక్కెర కలిపి 26 గ్రాములు.

నూనెలోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి గట్టిగా వత్తే అలవాటు అన్ని ఇళ్ళలోనూ ఉన్నది. ఇది అరిసె పలుచగా, మెత్తగా రావడానికే అనుకొంటారు గాని, దీని వలన కారిపోయే నూనె తక్కువేమీ కాదు. పైన చెప్పిన వాయిలో నూనెను పావుకిలో నుండి 150 గ్రాములకు తగ్గించగలిగితే ఒక్కొక్క అరిసెకు సుమారు 15 కేలరీలు తగ్గుతాయి. గుండ్రంగా ఉండే పోకుండలను ఈ విధంగా వత్తడానికి వీలుకాదు.

నువ్వులు చేసే మేలు కూడా గమనించదగినది. పొట్టు తీయని 100 గ్రాముల నువ్వులలో 1,450 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. అయితే అరిసెకు అంటుకొనేవి రెండు గ్రాముల లోపే కనుక వచ్చేది 25 మిల్లీగ్రాములు. పైగా పొట్టులోని ఆక్సలేట్ల వలన ఆ కాల్షియం అంతా ఒంటికి పట్టదు. పొట్టు తీసిన తెల్ల నువ్వులలో కాల్షియమే చాలా తక్కువ. నాగుల చవితికి చలిమిడితో పాటు చేసే చిమ్మిలిలో నువ్వులే ప్రధానం కాబట్టి, ఈ లెక్కలో అరిసె కంటె చిమ్మిలి ఎంతో మెరుగు.

చలిమిడి, బెల్లంలోని ఇనుము

చలిమిడిని వేయించరు. పాకంలో తడిపిండి కలిపి, నెయ్యి, కొబ్బరి ముక్కలు వేసి ఉండ చేస్తారు. ఆడపిల్లను అత్తవారింటికి పంపినప్పుడు సారెలోనూ, సీమంతంలోనూ చలిమిడికి ప్రత్యేక స్థానం ఉన్నది. నూనె లేకపోయినా నీరు కూడా తక్కువే కనుక 100 గ్రాములకు సుమారు 335 కేలరీలు వస్తాయి. నిమ్మకాయంత ఉండకు 100 కేలరీలు.

గర్భిణులకు చలిమిడి పెట్టడం వలన రక్తం పడుతుందనే నమ్మకం ఈ ప్రాంతంలో బలంగా ఉన్నది. బెల్లంలో ఇనుము ఉన్న మాట నిజమే. 100 గ్రాములలో 2.64 మిల్లీగ్రాములు. నిమ్మకాయంత చలిమిడి ఉండలో బెల్లం 10 గ్రాముల చొప్పున, దాని నుండి వచ్చే ఇనుము 0.3 మిల్లీగ్రాములకు మించదు. 2020 సిఫారసుల ప్రకారం గర్భిణికి రోజుకు కావలసినది 27 మిల్లీగ్రాములు, ఇతర స్త్రీలకు 29. ఆ అవసరం బెల్లంతో తీరాలంటే రోజుకు కిలో బెల్లం తినవలసి వస్తుంది! కాబట్టి చలిమిడిని ప్రీతితో, ఆచారంగా తినవచ్చును గాని, ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలకు అది ప్రత్యామ్నాయం కాదు. రక్తహీనత గల గర్భిణికి ప్రసవ సమయంలో కొద్దిపాటి రక్తస్రావం కూడా ప్రాణాపాయం కలిగించగలదు. మధుమేహం బయటపడిన గర్భిణులకు చలిమిడి మరింత మితంగా పెట్టాలి.

ఈ ప్రాంతానికి బెల్లం ఎక్కువగా దొరికేది పేరొందిన అనకాపల్లి మార్కెట్టు నుండి. పసుపు వన్నెతో మెరిసే బెల్లం కోసం కొందరు తయారీదారులు హైడ్రోస్ అనే రసాయనం వాడతారు. ముదురు రంగు బెల్లం చూపుకు అంత బాగుండకపోయినా వాడుకకు మంచిదని చెప్పడానికి కారణం ఇదే.

ఉండ్రాళ్ళు, కుడుములు

వినాయక చవితికి చేసే ఉండ్రాళ్ళు బియ్యపు రవ్వను శనగపప్పుతో కలిపి ఉడికించి, ఉండలు చుట్టి, తిరిగి ఆవిరిపై పెట్టినవి. 200 గ్రాముల రవ్వకు 40 గ్రాముల శనగపప్పు, రెండు చెంచాల నెయ్యి వేస్తే మొత్తం 930 కేలరీలు. నీటితో కలిసి బరువు 670 గ్రాములు అవుతుంది. అందుచేత 100 గ్రాములకు 140, ఒక్కొక్క 40 గ్రాముల ఉండ్రానికి 56 కేలరీలు మాత్రమే. ఒక అరిసె బదులు దాదాపు మూడు ఉండ్రాళ్ళు తినవచ్చునన్నమాట. మధుమేహం గలవారి ఇంట పండుగ వంటకం ఏదైనా ఒకటి ఎంచుకోవలసి వస్తే ఉండ్రాళ్ళకే మొదటి స్థానం ఇవ్వాలి. రవ్వ, పప్పు రెండూ చక్కెర పెరుగుదలను కొంత నెమ్మదింపజేస్తాయి.

చల్లారిన ఉండ్రాళ్ళలో మరొక మార్పు జరుగుతుంది. ఉడికినప్పుడు విచ్చుకొన్న పిండిపదార్థపు అణువులు చల్లబడినప్పుడు తిరిగి దగ్గరగా చేరి గట్టిపడతాయి. ఇందులో కొంత భాగం చిన్నపేగులో జీర్ణం కాదు. దీనిని నిరోధక పిండిపదార్థం అంటారు. మరునాడు వాటిని విడదీసి ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకుతో తాలింపు వేసుకొంటే తిరిగి మెత్తబడినా ఆ మార్పు పూర్తిగా పోదు. తాలింపుకు వాడిన నూనె మాత్రం లెక్కలోకి వస్తుంది. 200 గ్రాముల ఉండ్రాళ్ళకు రెండు చెంచాల నూనె వేస్తే 280 కేలరీలు 370 అవుతాయి.

కొబ్బరి, బెల్లం పూర్ణం పెట్టిన కుడుములలో తడి కొబ్బరి వలన (100 గ్రాములకు 444 కేలరీలు) శక్తి విలువ పెరుగుతుంది. కొబ్బరితోటలు విస్తారంగా గల ఉద్దానంలో కొబ్బరి వేయడానికి ఎవరూ వెనుకాడరు.

పాలతాలికలు

బియ్యపు పిండిని వేడినీటిలో ఉక్కబెట్టి, పిసికి, చేతితో సన్నని పొడవైన కాడలుగా తాల్చి, మరిగే పాలలో ఉడికించి బెల్లం కలిపినవి పాలతాలికలు. గోధుమపిండిలో వలె బియ్యపు పిండిలో గ్లూటెన్ లేదు. అందువలన చన్నీటితో కలిపిన పిండి తాల్చబోతే విరిగిపోతుంది. వేడినీరు తగలగానే పిండిపదార్థం కొంత జిగురుగా మారి, ఆ జిగురే కాడను పట్టి ఉంచుతుంది. బెల్లాన్ని మరుగుతున్న పాలలో వేస్తే పాలు విరుగుతాయి కాబట్టి దించి కొంత చల్లారిన తరువాతనే కలపాలి.

100 గ్రాముల పిండి, అర లీటరు ఆవుపాలు, 100 గ్రాముల బెల్లం, చెంచా నెయ్యితో సుమారు 750 గ్రాముల తాలికలు తయారవుతాయి. మొత్తం 1,108 కేలరీలు. 200 గ్రాముల గిన్నెకు 295 కేలరీలు, 6 గ్రాముల మాంసకృత్తులు, 180 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం లభిస్తాయి. గేదెపాలు వాడితే కేలరీలు 360 వరకు చేరుతాయి. తీపి వంటకమే అయినా, ఈ వ్యాసంలో పేర్కొన్న వాటిలో ఎదిగే పిల్లలకు పెట్టదగినది ఇదే. రెండు అరిసెలలోని కేలరీల కంటె తక్కువకే వాటిలోని మాంసకృత్తులకు రెట్టింపు దొరుకుతాయి.

కొరియా కారపు తాలికలు

కొరియా దేశపు తొక్‌పొక్కి ఇటీవలి కాలంలో కొరియన్ ధారావాహికల మూలంగా మన పట్టణాల యువతకు పరిచయమైంది. చూపుకు ఇది ఎర్రని పులుసులో వేసిన లావుపాటి తాలికల వలె ఉంటుంది. ఇందులో వాడే బియ్యపు కాడలను గారెతొక్ అంటారు. (మన గారెకు, దీనికి సంబంధం లేదు.) బియ్యపు పిండిని ఆవిరిపై ఉడికించి, బాగా దంచి లేదా యంత్రంలో వత్తి కాడలుగా తీస్తారు. కొరియా బియ్యంలో అమైలోజ్ అనే పిండిపదార్థం తక్కువ, అందువలన కాడలు రబ్బరు వలె సాగుతాయి. అమైలోజ్ ఎక్కువగా గల మన బియ్యంతో చేసిన తాలికలు అంత సాగవు, నోటిలో సులభంగా తెగుతాయి.

పూర్వం కొరియా రాజాస్థానంలో దీనిని సోయా రసంతో, మాంసంతో కారం లేకుండా వండేవారు. మిరపతో చేసిన ఎర్రని రకాన్ని 1953లో సియోల్ నగరంలోని సిందాంగ్‌దొంగ్‌లో మా బొక్‌రిమ్ అనే ఆమె వీధిలో అమ్మడం ప్రారంభించినట్లు చెబుతారు. ఎర్రని రంగు, కారం గొచుజాంగ్ అనే ముద్ద నుండి వస్తాయి. మిరపపొడి, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయా చిక్కుడు, ఉప్పు దీనిలోని ముఖ్య దినుసులు.

గారెతొక్‌లో దాదాపు సగం నీరే కనుక 100 గ్రాములకు సుమారు 200 నుండి 240 కేలరీలు ఉంటాయి. అనగా ఉండ్రాళ్ళకు ఎక్కువ, అరిసెలకు చాలా తక్కువ. 200 గ్రాముల కాడలతో చేసిన ఒక పళ్ళెంలో కాడల నుండే 400 నుండి 480 కేలరీలు వస్తాయి. పులుసులో 25 గ్రాముల పంచదార వేస్తే మరొక 100. కారం మాటున తీపి తెలియకపోవడం దీని ప్రత్యేకత. చేపముద్ద గాని, ఉడికించిన గుడ్డు గాని చేర్చకపోతే మాంసకృత్తులు స్వల్పం. కొవ్వు తక్కువే. అన్నిటికంటె గమనించవలసినది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పును సిఫారసు చేసింది. గొచుజాంగ్, సోయా రసం రెండూ ఉప్పుతో నిలువ ఉండే పదార్థాలే గనుక, ఒక్క పళ్ళెంతోనే ఇందులో చాలా భాగం చేరిపోవచ్చును. పెట్టెలలో అమ్మే తక్షణ రకాలు కొనేవారు పెట్టెపై అచ్చువేసిన సోడియం అంకెను 2.5తో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది.

కొరియావారు చూసోక్ పండుగకు నువ్వులు మొదలైన పూర్ణంతో చేసి, దేవదారు జాతి చెట్టు ఆకులపై ఆవిరి పట్టే సొంగ్‌ప్యాన్ మన పూర్ణపు కుడుముకు ఇంకా దగ్గరి చుట్టం.

చోళ్ళు

రాగులను ఉత్తరాంధ్రలో చోళ్ళు లేదా చోడి అంటారు. తెల్ల బియ్యం అందరికీ అందుబాటులోకి రాకముందు మెట్ట గ్రామాలలోనూ, సీతంపేట వంటి మన్యం ప్రాంతాలలోనూ చోడి అంబలి నిత్యాహారం. 100 గ్రాముల చోళ్ళలో 328 కేలరీలు, 7.3 గ్రాముల మాంసకృత్తులు, 344 మిల్లీగ్రాముల కాల్షియం, 3.9 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నాయి. కేలరీలలో బియ్యానికి దాదాపు సమానమైనా, కాల్షియంలో మర బియ్యానికి 34 రెట్లు. పైపొర పోకుండా మొత్తం గింజనే పిండి చేస్తారు కాబట్టి పీచు, విటమినులు కూడా నిలుస్తాయి. తాలికలకు, కుడుములకు బియ్యపు పిండిలో మూడవ వంతు చోడిపిండి కలిపితే రంగు మారుతుంది గాని కాడ విరగదు. సగానికి మించితే మాత్రం ఉడికేటప్పుడు చెదిరిపోవచ్చును.

జాగ్రత్త పడవలసినవారు

మధుమేహం గలవారు కేలరీల కంటె ముందు పిండిపదార్థాన్ని లెక్కించుకోవాలి. రెండు అరిసెలలోని 52 గ్రాముల పిండిపదార్థం సుమారు 185 గ్రాముల అన్నంలో ఉన్నదానితో సమానం. కాబట్టి పండుగనాడు అరిసెలు తింటే అన్నం ఆ మేరకు తగ్గించాలి. భోజనానికి ముందు ఖాళీ కడుపుతో కాక, పప్పు, కూర తిన్న తరువాత తింటే చక్కెర పెరుగుదల కొంత నెమ్మదిస్తుంది. పంచదారకు బదులు బెల్లం వేస్తే హాని లేదనేది అపోహ. రెండింటి కేలరీలు దాదాపు ఒక్కటే. ఇన్సులిన్ తీసుకొనేవారు, మాత్రలు వాడేవారు మందు మోతాదును తమంత తాము మార్చుకోకూడదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో (కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస, ఇచ్ఛాపురం మండలాలు) దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఏళ్ళ తరబడి ఎన్నో కుటుంబాలను బాధిస్తున్నది. కారణం ఇదమిత్థమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల వ్యాధుల పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనాయి. ఈ రోగులకు పోషకాహార సూత్రాలు ఇతరుల వలె ఉండవు. సాధారణంగా మేలైనవిగా చెప్పే నువ్వులు, పప్పులు, బెల్లం, కొబ్బరి, చోళ్ళు పొటాషియం గాని, భాస్వరం గాని ఎక్కువగా గల పదార్థాలు. వ్యాధి ముదిరినవారి రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నది. తెల్ల బియ్యంలో ఈ రెండూ తక్కువ. తవుడు పోవడం వలన ఇతరులకు లోపంగా పరిణమించిన గుణమే వీరికి కొంత అనుకూలం. ఉప్పు తగ్గించి, పప్పు లేకుండా చేసిన ఉండ్రాళ్ళు ఇటువంటివారిలో చాలామందికి సరిపడవచ్చును. అయితే డయాలిసిస్ మొదలైన తరువాత మాంసకృత్తుల అవసరం పెరుగుతుంది కనుక, ఏ దశలో ఎంత తినాలో రక్తపరీక్షలు చూసిన వైద్యుడే నిర్ణయించాలి.